కానరాని కేంద్రము

ఆశ్వయుజ కార్తిక మాసములలో అండమాను దీవుల చుట్టుపట్ల సముద్రముపై మేఘములు గుంపుగూడి, ఒకనాడు కరగి, మరునాడు మరల కూడి, మూడవనాటికి కరగక నిలిచిపోయినప్పుడు, ఉపగ్రహము పంపిన చిత్రమును ముందుంచుకొని కూర్చున్న వాతావరణ శాస్త్రజ్ఞునకు మొట్టమొదట ఎదురగు ప్రశ్న, అది ఎంత బలమైనదని కాదు, ఏ తీరమునకు పోవునని కాదు, దాని కేంద్రమెక్కడనున్నదని. బలమును కొలుచుటకు, నడకను ఊహించుటకు, గణనయంత్రములకు ప్రారంభస్థితిని అందించుటకు ఆ యొక్క బిందువే ఆధారము. అట్టి బిందువు ఆ చిత్రమున ఎచ్చటను కనబడదు. కన్ను విచ్చిన మహాతుపాను మాట వేరు. దాని నడుమనుండు నల్లని చుక్కను పసివాడైనను వ్రేలుపెట్టి చూపగలడు. నేను చెప్పుచున్నది ఇంకను తుపాను కాని, కానున్నదో కాదో తెలియని, వాయుగుండమునకు ముందు వెనుకల దశలోనున్న మేఘసమూహమును గూర్చి. దానిలో కనబడునదంతయు మేఘము. మనకు కావలసినది మేఘము కాదు. ప్రత్యక్షమునకు అందనిదై, అందినదానికంతకును ఆధారమని చెప్పబడుదానిని ఉన్నదనవలెనా, మనము కల్పించుకొంటిమనవలెనా అను వివాదము ఈ దేశమున తార్కికులకును బౌద్ధులకును వేదాంతులకును నడుమ శతాబ్దముల తరబడి సాగినది. ఆ వివాదమును ఆత్మ విషయమున కంటె ఈ మేఘముల విషయమున విచారించుట సులభమని నా నమ్మకము. ఇచట తప్పు చెప్పినవానికి తన తప్పు తెల్లవారుసరికి తెలిసిపోవును.

తెల్లవారుట అన్నమాట ఊరక అనలేదు. రాత్రివేళ ఉపగ్రహము చూచునది వెలుతురును కాదు, వేడిమిని. పదునైదు పదునారు కిలోమీటర్ల ఎత్తునకు పెరిగిన ఉరుముమేఘపు శిఖరము సున్నకు దిగువ డెబ్బది ఎనుబది డిగ్రీల చలిలో నుండును. ఆ చలియే పరారుణ చిత్రమున తెలుపై పడును. సముద్రమునకు ఒకటి రెండు కిలోమీటర్ల మీద మెల్లగా సుడి తిరుగుచున్న చిన్న మేఘముల వేడిమికిని క్రింది నీటి వేడిమికిని భేదము స్వల్పము గనుక, అవి ఆ చీకటి నేపథ్యములో మాసిపోవును. కావున రాత్రియంతయు శాస్త్రజ్ఞుని దృష్టి ఆ తెల్లని ముద్దపైననే నిలుచును; అరగంటకొక చిత్రము వచ్చుచుండును; ప్రతి చిత్రమునను ఆ ముద్ద మరింత తెల్లనై, మరింత గుండ్రనై, కేంద్రము నాక్రిందనే యున్నదని చెప్పుచున్నట్లు తోచును. సూర్యోదయమైన పిమ్మట తొలి దృశ్యకాంతి చిత్రము వచ్చును. ఏటవాలు వెలుతురులో, ఆ ముద్దకు తూర్పుగా, మేఘమే లేదనుకొన్న చోట, దారపు పోగులవలె సన్నని మేఘపంక్తులు ఒకదానివెంట నొకటి వంగి వంగి లోనికి చుట్టుకొనుచు కనబడును. సుడి అక్కడ నున్నది. రాత్రియంతయు గుర్తుపెట్టిన చోటికిని దీనికిని నూరు కిలోమీటర్ల ఎడముండుటయు కలదు. పై గాలి తూర్పునుండి బలముగా వీచి ఎత్తైన మేఘములను పడమటికి త్రోసివేయగా, క్రింది సుడి తోడులేక వెనుకబడినది. వాతావరణ శాస్త్రజ్ఞులు తమలో తాము దీనిని సూర్యోదయపు విస్మయమని కొంత పరిహాసముగను, కొంత వెరపుతోను చెప్పుకొందురు.

ఇట్టి పొరపాటునకు హేతువేమో మన తార్కికులు ఎన్నడో నిరూపించి యున్నారు. తెలుగువాడైన అన్నంభట్టు, కాశికి పోయినంతమాత్రమున ప్రతివాడును అన్నంభట్టు కాజాలడని పండితులు నానుడిగా చెప్పుకొనునంతటి ప్రసిద్ధుడు, తర్కము నేర్వగోరు బాలురకై తర్కసంగ్రహమును రచించెను. ఆ శాస్త్రమున అనుమానమునకు, అనగా కనబడినదానినుండి కనబడనిదానిని తెలిసికొనుటకు, ప్రాణము వ్యాప్తి. పొగ ఉన్నచోటనెల్ల అగ్ని ఉండునను నియతసాహచర్యమువంటిది. కాని అగ్ని ఉన్నచోటనెల్ల పొగ ఉండునని త్రిప్పి చెప్పిన యెడల అది చెల్లదు. కాలిన ఇనుపగుండునందు అగ్ని కలదు, పొగ లేదు. పొగకు తడికట్టె తోడు కావలయును. అట్లు చెప్పక విడువబడి, లోపల దాగి, వ్యాప్తిని చెరచు నియమమునకు ఉపాధి యని పేరు. దట్టమైన మేఘమున్నచోట దానిక్రింద కేంద్రముండునను అనుమానము సరిగా ఇట్టి సోపాధికానుమానము. పై గాలియు క్రింది గాలియు ఇంచుమించు ఒకే తీరున వీచుచున్నంతవరకే అది నిజము. ఆ నియమమును మరచినవానికి తెల్లని మేఘము కొండమీది పొగవలె కనబడును గాని, అది ఇనుపగుండునందలి అగ్నివంటిది. పాఠశాలలో పడికట్టుగా వల్లించి విడిచిపెట్టిన ఈ హేత్వాభాస ప్రకరణము పరారుణ చిత్రమును చదువువానికి ఇంత ప్రాణావసరమగునని నాటి విద్యార్థులలో ఎవ్వరును తలచి యుండరు.

మరి సరియైన లింగము, అనగా కానరానిదానిని తెలుపు గుర్తు, ఏది? మేఘము కాదు, మేఘము వంగిన తీరు. అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు వెర్నన్ డ్వోరాక్ 1970 దశకపు తొలినాళ్లలో రూపొందించి, 1975లో ప్రకటించి, 1984లో విస్తరించిన పద్ధతియే నేటికిని లోకమంతట తుపానుల బలమును ఉపగ్రహ చిత్రములనుండి కట్టు పద్ధతి. అందు తుపానుకు ఒకటి మొదలు ఎనిమిది వరకు అంకె వేయుదురు. కాని ఆ అంకెకు పూర్వము, మొట్టమొదటి మెట్టుగా, మేఘవ్యూహపు కేంద్రమును నిర్ణయింపవలయునని ఆయన నియమించెను. ఇందుకై పారదర్శకమైన పత్రముపై గీచిన సర్పిలరేఖను చిత్రముమీద నుంచి, వంగిన మేఘపట్టీకి సరిపడువరకు ఇటునటు త్రిప్పుదురు. రేఖయు పట్టీయు ఏకమైనప్పుడు సర్పిలమునకు మూలమగు బిందువు ఎచట పడునో అచట కేంద్రమున్నదని గ్రహింతురు. ఆ బిందువున మేఘము ఉండనక్కరలేదు, ఏమియు ఉండనక్కరలేదు.

ఇది క్రొత్త ఉపాయమని కొందరు తలంతురు; కాని ఇది పాతదే. కలకత్తాలో నివసించిన హెన్రీ పిడింగ్టన్, మన కాకినాడ చెంతనున్న కోరంగిని 1839 నవంబరులో ధ్వంసము చేసిన గాలివానను గూర్చియు పరిశోధించి వ్రాసినవాడు, 1848లో నావికులకై వెలువరించిన పుస్తకముతో పారదర్శకమైన కొమ్ముపలకలను జతపరచెను. వానిపై గాలి దిక్కులు వలయములుగా గీయబడి యుండును. నడిసముద్రమున చిక్కిన నావికుడు ఆ పలకను తన పటముపై నుంచి, తన ఓడమీద వీచు గాలికి సరిపడువరకు జరిపి, తాను చూడని కేంద్రము ఏ దిక్కున నున్నదో తెలిసికొని దానినుండి తప్పించుకొనవలెను. తరువాత 1857లో డచ్చి శాస్త్రజ్ఞుడు బాయిస్ బాలట్ దానినే మరింత సూటిగా చెప్పెను: ఉత్తరార్ధగోళమున గాలికి వీపు పెట్టి నిలిచినవానికి ఎడమప్రక్కన అల్పపీడనముండును. తుపాను లోపలనున్న నావికుడు ఒక్క గాలిని అనుభవించి కేంద్రమును ఊహించెను. ముప్పదియారు వేల కిలోమీటర్ల ఎత్తునుండి మన ఇన్సాట్ ఉపగ్రహము మేఘములనన్నిటిని ఒక్కసారి చూచుచున్నది. ఆ నావికుడును కేంద్రమును చూడలేదు, ఈ ఉపగ్రహమును చూచుట లేదు. చూపు పెరిగినకొలది అనుమానము అక్కరలేకపోవునని తలచువారు ఈ విషయమును కొంత ఆలోచింపవలయును.

ఇంతవరకు తార్కికుని పక్షము. కేంద్రము ఉన్నది, కానరాదు, లింగముచేత తెలియును. ఇచట బౌద్ధుడు లేచి, కేంద్రము తెలియునను మాట అటుండనిమ్ము, మీరు వెదకకముందు అది యున్నదా యని అడుగును. ఈ ప్రశ్న వట్టి వితండ కాదు. సముద్రమునుండి ఆవిరి లేచి మేఘమై, నీరై, తనలోని వేడిని విడుచును. ఆ వేడిచేత క్రింద పీడనము తగ్గును. పీడనము తగ్గుటచేత చుట్టుపట్ల గాలి లోనికి వచ్చును. వచ్చు గాలి భూభ్రమణముచేత వంగి సుడియగును. ఆ సుడి మరింత ఆవిరిని ప్రోగుచేయును. ఇందు దేనికిని మొదటిస్థానము లేదు. కేంద్రముచుట్టు గాలి తిరుగుచున్నదని మనమందుము; గాలి తిరుగుటచేతనే కేంద్రమగుచున్నదనియు అంతే సత్యముగా చెప్పవచ్చును. పుట్టుచున్న వ్యవస్థలో తరచుగా ఒక సుడికి మారు రెండు మూడు చిన్న సుడులుండును. ఉదయము ఒకటి ప్రధానమై, సాయంకాలమునకు క్షీణించి, దూరమున క్రొత్తగా లేచిన ఉరుముమేఘముక్రింద మరియొకటి బలపడును. అప్పుడు పటముమీద కేంద్రము ఒక్క గంతు వేసినట్లు కనబడును. కాని ఎవ్వరును గంతు వేయలేదు. ఒకటి ఆగినది, మరియొకటి మొదలైనది, మన పెన్సిలు మాత్రము రెంటిని కలిపి గీత గీచినది.

భారత వాతావరణ శాఖవారి వాడుకను గమనించినను ఈ సంగతి తెలియును. అల్పపీడన దశలో వారు ఆగ్నేయ బంగాళాఖాతమనియో, దానిని ఆనుకొనియున్న అండమాను సముద్రమనియో ఒక ప్రాంతమును మాత్రము చెప్పుదురు. గాలి గంటకు 31 కిలోమీటర్లకు పెరిగి వాయుగుండమైన పిమ్మటనే ఇన్ని డిగ్రీల అక్షాంశము, ఇన్ని డిగ్రీల రేఖాంశము అని ఒక బిందువును నిర్దేశింతురు. గాలి 62 కిలోమీటర్లకు పెరిగి తుపానైనగాని దానికి నామకరణము జరుగదు; మన సముద్రములలో ఈ పేరు పెట్టు ఆచారము 2004లో వచ్చినది. ప్రాంతము బిందువైన ఆ ఘడియలో ఏమి పుట్టినది? సముద్రమున ఏదో క్రొత్తది పుట్టినదా, లేక చెప్పుటకు మనకు ధైర్యము పుట్టినదా? శ్రీపర్వతమున, అనగా నేటి నాగార్జునకొండ సీమలో, నివసించెనని సంప్రదాయము చెప్పు ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమకకారికలలో చేసిన సిద్ధాంతము ఇట్టిదే: పరస్పరాపేక్షచేత కలుగునది లేనిది కాదు, కాని తనంతట తానున్నదియు కాదు. పుట్టుచున్న తుపాను కేంద్రమునకు ఇంతకంటె సరిపోవు నిర్వచనమును నేనెరుగను.

అయినను తార్కికుడు ఓడిపోలేదు. ఆతని చేత సంవాదమను అస్త్రమున్నది. ఒక జ్ఞానము నిజమా కాదా యనుటకు, దానిని నమ్మి చేసిన ప్రవృత్తి సఫలమగుటయు, వేరొక త్రోవన వచ్చిన జ్ఞానము దానితో ఏకీభవించుటయు గుర్తులు. 2009లో శ్రీహరికోటనుండి ఎగిరిన ఓషన్‌శాట్-2 ఉపగ్రహమున స్కాటరోమీటరను ఉపకరణముండెను. అట్టి ఉపకరణము మేఘములను చూడదు. సముద్రముపైకి రాడారు తరంగములను పంపి, గాలిచేత నీటిమీద లేచిన చిరుతరగలనుండి తిరిగివచ్చు ప్రతిధ్వనిని బట్టి గాలి వేగమును, దిక్కును కట్టును. మరికొన్ని ఉపగ్రహములు సూక్ష్మతరంగములచేత, పైనున్న మంచుతునకల తెరను దాటి, లోపలి వానపట్టీలు వంగిన తీరును చూచును. మేఘమును చూచినవానికిని, నీటి తరగలను చూచినవానికిని, వానను చూచినవానికిని మువ్వురకు వేరువేరుగా ఒక్కచోటనే కేంద్రము దొరకినప్పుడు, అది మన కల్పన యని బౌద్ధుడు అనజాలడు. కల్పనలైన యెడల మువ్వురి కల్పనలు ఏల కలియును?

నా తీర్పు ఇది. బలపడిన తుపాను విషయమున తార్కికుడు గెలిచినాడు. పుట్టుచున్నదాని విషయమున నాగార్జునుడు గెలిచినాడు. ఇది ఇరువురిని సంతోషపెట్టుటకు చేసిన రాజీ కాదు. కేంద్రమునకు ఉనికి యనునది ఉన్నది లేదు అను రెండుమాటలలో తేలునది కాదని, గాలియు మేఘమును క్రిందినుండి పైవరకు పొందుకూడిన కొలది అది హెచ్చుచు, అవి విడివడిన కొలది తగ్గుచుండునని నా భావము. పై గాలి చెదరగొట్టినప్పుడు ఒక కిలోమీటరు ఎత్తున ఒక కేంద్రమును, ఆరు కిలోమీటర్ల ఎత్తున దానికి దూరముగా మరియొక కేంద్రమును ఏర్పడును. అట్టిదానికి కేంద్రమెక్కడ యని అడుగుటయే తప్పు, ఏ ఎత్తున యని కూడ అడుగవలెను. 2013 నవంబరులో లెహర్ తుపాను నడిసముద్రమున అతితీవ్రమై, మచిలీపట్నము చెంత తీరము చేరునప్పటికి వట్టి వాయుగుండముగా క్షీణించినది. ఉనికి పెరుగుటయే కాదు, తరుగుటయు మనవారు కన్నులార చూచినారు.

ఇచట ధర్మోపన్యాసకులు తరచుగా వాడు ఒక ఉపమానమును గూర్చి చెప్పక తప్పదు. సంసారము తుపానువంటిదనియు, దాని నడుమ ప్రశాంతముగా నుండు కన్నువంటిది ఆత్మయనియు వారందురు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కన్ను విశాఖపట్టణము మీదుగా పోవునప్పుడు చెట్లను పెకలించిన పెనుగాలి కొంతసేపు అణగి, పిమ్మట ఎదురుదిక్కునుండి మరల విజృంభించిన సంగతి నెరిగిన వారికి ఈ ఉపమానము మిక్కిలి హృద్యముగా తోచును. కాని విచారించినచో ఇది వేదాంతమునకు మేలు చేయునది కాదు. కన్నులోని ప్రశాంతత తుపాను చేసినది. చుట్టునున్న గోడలో గాలి పైకి లేచుటచేతనే లోపల కొంత గాలి దిగి, మేఘము విరిసి, ఆ నిర్మలత్వము కలుగుచున్నది. తుపానుకు ముందు కన్ను లేదు. తుపాను నేలమీద అణగిన పిమ్మట కన్ను లేదు. వేదాంతి చెప్పు ఆత్మ జగత్తునకు కార్యము కాదు, జగత్తుతో నశించునది కాదు. దానిని తుపాను కన్నుతో పోల్చినవాడు, తెలియకయే, బౌద్ధుని పక్షమున సాక్ష్యము చెప్పుచున్నాడు.

నా దృష్టిలో, పుట్టుచున్న తుపాను కేంద్రమునకు సరిపోవునది ఆత్మ కాదు, అహంకారము. నేను అనునది ఏ అనుభవమునందును ప్రత్యేకముగా కనబడదు. ఆకలి కనబడును, కోపము కనబడును, ఒక పాట జ్ఞాపకము వచ్చును, ఒకరి మాట గ్రుచ్చుకొనును. ఇవియన్నియు ఒక వైపునకు వంగి యుండుటను బట్టియే అవి ఎవరివో తెలియుచున్నది. మిక్కిలి తెల్లగా, మిక్కిలి ఎత్తుగా, మిక్కిలి గర్జించుచు కనబడు భావమే నేనని మనము పొరబడుదుము. అది పై గాలికి కొట్టుకొనిపోయిన మేఘము కావచ్చును. వేదాంతులు స్థూలారుంధతీ న్యాయమని ఒక పద్ధతిని చెప్పుదురు. పెండ్లినాడు వధువునకు అరుంధతిని చూపువాడు ముందు ప్రక్కనున్న పెద్దచుక్కను చూపి అదే అరుంధతి యని, దృష్టి నిలిచిన పిమ్మట అది కాదని, దాని చెంతనున్న చిన్నదానిని చూపును. మేఘచిత్రమును చదువుటయు ఇట్టిదే. ముందు ముద్దను చూచి, పిమ్మట దానిని విడిచి, పట్టీని చూచి, తుదకు పట్టీని విడిచి బిందువునకు పోవలెను. మొదటి మెట్టున నిలిచిపోయినవాడే రాత్రియంతయు తప్పుచోట గుర్తుపెట్టినవాడు.

తెలిసికొన్నదానిని ఇతరులకు చెప్పుటయు ఒక మెట్టే; అన్నంభట్టు అనుమానమును స్వార్థమని, పరార్థమని రెండుగా విభజించినాడు. తనకు తాను నిశ్చయించుకొనునది మొదటిది. ఇతరులకు తెలియజెప్పునది రెండవది. వాతావరణ శాస్త్రజ్ఞుని పని స్వార్థానుమానముతో ముగియదు. ఆయన పరిశీలన ప్రకటనగా వెలువడి, రేడియోలో వినబడి, ఓడరేవులో ప్రమాదసూచికయై ఎగురును. వేటకు పోవలెనా మానవలెనా యని వలలు సర్దుకొనుచున్న బెస్తవాడు దానికొరకు ఎదురుచూచుచుండును. వానికి ఆ మాట అనుమానము కాదు, శబ్దప్రమాణము. ఉన్నదున్నట్లు చెప్పువాడు ఆప్తుడని శాస్త్రము. ఉన్నది సందేహమైనచో సందేహమునుగూడ చెప్పినవాడే ఆప్తుడు. ప్రకటనలలో కేంద్రమును డిగ్రీలో పదవవంతువరకు చెప్పుట ఆచారము; అనగా ఇంచుమించు పదునొకండు కిలోమీటర్ల నిర్దుష్టత. బలహీనమైన వాయుగుండము విషయమున చూచినవానికి లోలోపల నున్న సంశయము కొన్ని పదుల కిలోమీటర్లుండును. ఆ దశాంశము చదువువానికి కలిగించు నమ్మకము చెప్పువానికి లేదు. ఈ సందేహమును దాచవలసిన పనిలేదు; దానిని కప్పి ఒక్క బిందువును మాత్రము జనులకందించుట, సిద్ధాంతమునే గాక ప్రాణములనుగూడ పణముగా పెట్టుట.

1977 నవంబరు 19న తుపాను కేంద్రము చీరాల నిజాంపట్నముల వైపున తీరము దాటినది. సముద్రము లేచి ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టినది అచట కాదు, దానికి తూర్పుననున్న దివిసీమలో. వాయవ్యముగా కదలుచు మన తీరమును తాకు తుపానుకు కుడిప్రక్కన గాలి సముద్రమునుండి నేలమీదికి వీచి నీటిని త్రోసికొనివచ్చును. ఎడమప్రక్కన నేలనుండి సముద్రముమీదికి వీచును. కేంద్రము స్వతస్సిద్ధము కాదు, చుట్టునున్నదానితోడి సంబంధమే దాని సర్వస్వమని పైన చెప్పినదానికి ఇంతకంటె కఠినమైన దృష్టాంతము లేదు. కావున కోస్తా తీరమున నివసించు చదువరులకు నా మనవి ఒక్కటే: తుపాను ఎక్కడ తీరము దాటునని అడిగి ఊరకుండకుడు, మన ఊరు ఆ చోటికి కుడిప్రక్కన నున్నదా, ఎడమప్రక్కన నున్నదా యని అడుగుడు, చెప్పబడిన చోటు కొంత ఇటునటు జరిగినచో అప్పుడు మనము ఏ ప్రక్కకు వత్తుమని కూడ అడుగుడు.